నలభై పానాలు

తొమ్మిదో రోజు కూడా మామయ్య టీకి రాలేదు.

అమ్మ మాత్రం అలవాటు తప్పకుండా నాలుగు గ్లాసులు పోసింది. మూడు ఖాళీ అయ్యాయి. నాలుగోది వంటింటి గట్టు మీద మీగడ కట్టి కూర్చుంది. దాన్ని చూసీ చూడనట్టు నాన్న పేపరు తిరగేస్తున్నాడు. తిరగేసిన పేజీనే మళ్ళీ తిరగేస్తున్నానని ఆయనకు తెలియదు.

"ఆ గ్లాసు పారబొయ్యాలో వద్దో మీ నాన్నని అడుగు," అంది అమ్మ కూతురితో.

"ఎదురుగానే ఉన్నాడు కదమ్మా. నువ్వే అడుగు."

"నేను మాట్లాడను. నా తమ్ముడు మళ్ళీ ఈ గడప తొక్కేదాకా ఈయనతో మాట్లాడనన్నాను. అన్నానంటే అన్నానే."

"నిన్న దోమతెర గురించి అరగంట మాట్లాడావు."

"అది దోమల సంగతి. మనుషుల సంగతి కాదు."

పేపరు వెనక నాన్న భుజాలు కదిలాయి. నవ్వాడో నిట్టూర్చాడో పెన్సిలుకి అంతుపట్టలేదు.

ఇరవై తొమ్మిదేళ్ళ మనిషిని పెన్సిలు అని పిలవడమేమిటని కొత్తవాళ్ళు అడుగుతారు. ఆ పేరు పెట్టింది మామయ్యే. చిన్నప్పుడు జడలో పెన్సిలు దోపుకొని, ఎదురుగా ఉన్న లేత్ షెడ్డులో ఆయన పక్కన చేరి గంటలకొద్దీ బొమ్మలు గీసేది. ఆ బొమ్మలు ముదిరి ముదిరి ఒక యంత్రాల కంపెనీలో డ్రాయింగులు గీసే ఉద్యోగమయ్యాయి. పేరు మాత్రం చిన్నదిగానే ఉండిపోయింది.

మామయ్య పెళ్ళి చేసుకోలేదు. లేత్ మిషన్నే కట్టుకున్నాడని అమ్మ ఎత్తిపొడుస్తుంది. పొద్దున టీ, రెండుపూటలా భోజనం అక్క ఇంట్లోనే. ముందు నాన్న సైకిల్ షాపు, దాని వెనక ఇల్లు, వీధికి అవతల మామయ్య షెడ్డు. మధ్యలో ఉన్నది ఇరవై అడుగుల వీధి. ముప్ఫై ఏళ్ళు రోజుకి ఆరుసార్లు దాటిన ఆ వీధి తొమ్మిది రోజులుగా ఆయనకి దాటరానిదైపోయింది.

పెన్సిలు జేబులోంచి ఒక చీటీ తీసి బల్ల మీద పెట్టింది. మామయ్యకి భోజనం పంపిన నిన్నటి క్యారేజీ ఖాళీగా తిరిగొస్తే అందులో వచ్చింది. ఎవరికీ చెప్పకుండా దాచింది గానీ, ఇంక దాచి ప్రయోజనం లేదు.

'సోమవారం పొద్దున ఫిక్చరు విప్పేస్తున్నాను. పెన్సిలు వచ్చి తన డ్రాయింగులు తీసుకెళ్ళొచ్చు.'

నాన్న పేపరు దించాడు. అమ్మ చేతిలో గరిటె ఆగింది.

ఫిక్చరంటే వాళ్ళ కొత్త సైకిల్ పానాకి పళ్ళు కోసేటప్పుడు ఉక్కుముక్కని కదలకుండా పట్టుకునే దిమ్మె. మామా మేనకోడళ్ళిద్దరూ రెండు నెలలు కూర్చుని దాన్ని తయారుచేశారు. అది విప్పేశాక ఇక పానా లేదు, నాన్నతో సహా ముగ్గురూ కలిసి చేసిన పని లేదు. ఇవాళ శనివారం.

"అలిగాడు," అన్నాడు నాన్న. "వయసొచ్చింది గానీ అలక పోలేదు."

"అలక తీర్చేవాళ్ళు తీరిస్తే కదా పోయేది," అంది అమ్మ, వంటింటి గట్టుకి చెబుతున్నట్టు. "నలుగురి ముందూ 'నీ కన్ను మందగించింది, కాల్చిన ఉక్కు రంగు కూడా కనపడటం లేదు' అంటే ఎవరైనా అలుగుతారు. నలభై ఏళ్ళ నుంచి వాడి కొలతకి వంక పెట్టినవాడు లేడు. ఇంట్లోవాళ్ళే పెట్టాలి."

నాన్న చెప్పులు వేసుకుని షాపులోకి వెళ్ళిపోయాడు. ఆయన ఒంటికాలి మీద లేస్తే బాగుండేది. ఈమధ్య మాటకి మాట అనడం కూడా మానేశాడు, అదే పెన్సిలుకి నచ్చలేదు.

*

క్యారేజీ పట్టుకుని వెళ్ళేసరికి షెడ్డు తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మిషను చప్పుడు లేదు.

మామయ్య బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి, తను చేసిన నలభై పానాలనూ వరసగా పేర్చుకున్నాడు. ఒక్కొక్కటీ తీసి, వెర్నియర్‌తో పన్ను మందం కొలిచి, కాగితం మీద రాసుకుంటున్నాడు. ముక్కు మీద కళ్ళజోడు. దాని మీద ఇంకో కళ్ళజోడు.

"రెండేమిటి మామయ్యా?"

"ఒకటి దూరానికి, ఒకటి దగ్గరికి. మధ్యలో ఉన్నవి ఎలాగూ కనపడవు," అన్నాడు తల ఎత్తకుండా. "కూర బాగుందని అక్కకి చెప్పు."

"ఇంకా మూత తియ్యలేదు."

"నిన్నటి కూర బాగుందని చెప్పు."

పక్కనే స్టూలు మీద కూర్చుంది. ఆయన చేతులు నెమ్మదిగా, ఎప్పటిలాగే పొదుపుగా కదులుతున్నాయి. కోపంగా ఉన్న మనిషి చేతులు కావవి. సోమవారం సంగతి అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఆయనే ముందు అడిగాడు.

"నీ డ్రాయింగులో పంటికి ఒకవైపు వాలు ఉంది కదా. ఆరు డిగ్రీలేనా?"

"ఆరే."

"నాకూ ఆరే వస్తోంది. అటూ ఇటూ వెంట్రుకవాసి." మళ్ళీ కొలవడంలో పడ్డాడు. "ఆ వెంట్రుకే చూస్తున్నా."

వెంట్రుకవాసి తేడాకి ఏ పానా జారదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు. మరి ఈ మనిషి తొమ్మిది రోజులుగా ఏం వెతుకుతున్నాడు? బయటికొచ్చి వీధిలో నిలబడిన పెన్సిలుకి అప్పుడు తట్టింది. అందరూ పానాలనే కొలుస్తున్నారు. ఆ వాలు అక్కడ ఎందుకుందో వెతికినవాళ్ళు లేరు.

నేరుగా పాత ఇనప సామాన్ల కొట్టుకి నడిచింది. పాతరకం పానా, పెట్టె కూడా విప్పనిది, ఒకటి అటక మీద ఉందని కొట్టాయన మొన్న చెప్పాడు. అవసరం లేదని అప్పుడు పట్టించుకోలేదు. నాన్న దగ్గర ఉంది కదా అనుకుంది.

*

సైకిల్ వెనక చక్రానికి పళ్ళ బిళ్ళ ఒకటుంటుంది. తొక్కడం ఆపినా చక్రం తిరుగుతూనే ఉండేది దాని పుణ్యమే. దాన్ని ఫ్రీవీల్ అంటారు. పాతరకం ఫ్రీవీల్‌కి నాలుగు గాడులుంటాయి. విప్పాలంటే నాలుగు పళ్ళ పానా ఆ గాడుల్లో కూర్చోవాలి. అలాంటి సైకిళ్ళు ఊరి నిండా తిరుగుతున్నాయి గానీ ఆ పానా తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఉన్నవి అరిగిపోయి జారుతుంటాయి, గాడులు చితికిపోతుంటాయి, ఆ తర్వాత చక్రం ఇనప కొట్టుకే. అందుకే పెన్సిలు కొత్త పానా గీసింది. జారకుండా ఇరుసుకి బిగించే నట్టు దాంట్లోనే ఉంటుంది. పళ్ళ కొలత మాత్రం నాన్న పానా నుంచే తీసుకుంది. పాతికేళ్ళుగా ఒక్కసారి కూడా జారని పానా అది.

నాన్న షాపులో ఉత్తరాలు పంచే ఆవిడ సంచి దించుకుని కూర్చుంది. కొత్త పానా మొదటిసారి పెట్టింది ఆవిడ చక్రానికే. నాలుగు గాడులూ ఒక్క తిప్పుకి చితికిపోయాయి. ఆ చక్రం ఇప్పుడు గోడకి వేలాడుతోంది.

"తొందరేం లేదు అన్నయ్యా," అంటోందావిడ. "నడుస్తుంటే ఒళ్ళు తేలికైంది. కుక్కలు కూడా నన్ను గుర్తుపట్టి అరవడం మానేశాయి."

"నా సైకిలు ఇచ్చాను కదమ్మా."

"మీ సైకిలు ఎక్కాలంటే నిచ్చెన కావాలి, దిగాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆ రెండూ వీధి వీధికీ ఎక్కడ దొరుకుతాయి?" నవ్వుతూ లేచి సంచి తగిలించుకుంది. లేచేటప్పుడు మోకాలు పట్టుకోవడం పెన్సిలు చూసింది. నాన్న కూడా చూశాడు.

ఆవిడ వెళ్ళాక పెన్సిలు నూనె కాగితం విప్పి, కొత్తదైన ఆ పాత పానాని బల్ల మీద పెట్టింది. పక్కన నాన్న పానా పెట్టింది. రెండూ ఒకే రకం, ఒకే గుర్తు. కొట్టులోంచి తెచ్చినదాని పళ్ళు నిటారుగా ఉన్నాయి. నాన్న పానా పళ్ళు ఒకవైపుకి వాలి ఉన్నాయి. దీపం కిందికి జరిపితే ఆ వాలు మీద సన్నటి గీతలు కనిపించాయి. అవి ఆకురాయి గీతలు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ వాలుని ఎంత శ్రద్ధగా కొలిచింది! కోణం చూసి, డ్రాయింగులో ఎర్ర సిరాతో దిద్ది, పక్కన ఇది ముఖ్యమని కూడా రాసింది. మామయ్య దాన్ని అంతే శ్రద్ధగా నలభైసార్లు కోశాడు. ఎదురు తిప్పినప్పుడు పళ్ళు ఆ వాలు మీదుగా పైకి ఎక్కబోయాయి. నట్టు వదల్లేదు. పాపం గాడులే చితికాయి.

"నాన్నా, ఇవి నువ్వు రుద్దావా?"

నాన్న టైరులో గాలి చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాడు.

"అరిగినప్పుడల్లా కొంచెం సవరించుకునేవాణ్ణి," అన్నాడు చివరికి. "ఏడాదికోసారో రెండేళ్ళకోసారో. నా ఎడమ అరచెయ్యి పైనుంచి గట్టిగా అదిమి పడుతుంది, అందుకని జారదు. అలవాటైన చెయ్యి. వాలిందని నేనెప్పుడూ అనుకోలేదు."

"మరి మామయ్య అడిగాడు కదా! 'ఈ వాలు ఎందుకు బావా' అని నా ఎదురుగానే అడిగాడు. 'కంపెనీవాడు ఊరికే పెట్టడు' అన్నావు."

"అన్నాను."

"అప్పుడు తెలుసా నీకు?"

నాన్న పంపు పక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. "అన్న మరుక్షణం తెలిసింది. అప్పుడు ఇక్కడ ముగ్గురు బయటివాళ్ళు కూర్చుని ఉన్నారు. మీ మామయ్య సంగతి నీకు తెలియనిదేముంది? మా పెళ్ళైన కొత్తలో ఇంటి తాళంచెవి బిగువుగా ఉందని నేను ఆకురాయి పట్టాను. రుద్దీ రుద్దీ చివరికి ఆ చెవికి పక్కింటి తాళం కూడా వచ్చేసింది. ముప్ఫై ఏళ్ళుగా ఏ నలుగురు కూడినా ఆ కథే. 'మా బావ చేతికి ఆకురాయి ఇవ్వకండి, ఊళ్ళో ఇళ్ళన్నీ తెరుచుకుంటాయి' అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను."

"అందుకని..."

"అందుకని నోరు మూసుకున్నా. ఆరోజు చక్రం పాడవగానే ఏదో ఒకటి అనాలి కదా, వాడి కన్ను మీదికి తోశా." ఆయన గొంతులో ఏ ఆవేశమూ లేదు. "తప్పే. పెద్ద తప్పే."

పెన్సిలుకి కోపం రావాలి. రాలేదు. స్టూలు మీద చేతులు వేలాడేసుకుని కూర్చున్న ఆ మనిషిని చూస్తే జాలేసింది. జాలి పడినందుకు తన మీద తనకే చిరాకేసింది.

"నేను వెళ్ళి మామయ్యకి చెప్పేస్తా."

"వద్దు. నువ్వు చెప్పకు, మీ అమ్మతో కూడా అనకు. అన్నది నేను, చెప్పాల్సింది నేను. ఆరింటికి షాపు కట్టేసి వెళ్తాను. మాటివ్వు."

మాటిచ్చింది. నాన్న మాటని అనుమానించాల్సిన అవసరం ఆమెకి అప్పటిదాకా రాలేదు.

*

ఆరింటికి నాన్న షాపు కట్టేశాడు. ఆరుంబావుకి స్నానం చేశాడు. ఆరున్నరకి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఈ బొత్తాము వదులుగా ఉందని ఇంకో చొక్కా తొడుక్కున్నాడు. ఎదురు షెడ్డుకి ఇంత ముస్తాబేమిటని అమ్మ కళ్ళతోనే కూతుర్ని అడిగింది. పెన్సిలు భుజాలెగరేసింది.

నాన్న రెండో చెప్పు వెతుక్కుంటుండగా గుమ్మంలో దగ్గు వినపడింది.

మామయ్య వచ్చి నిలబడ్డాడు. జుట్టు నున్నగా దువ్వుకుని, చేతులకి గ్రీజు లేకుండా, ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినవాడిలా ఉన్నాడు.

"రారా!" అంది అమ్మ. వెంటనే కసురుకుంది. "తొమ్మిది రోజులకి తోవ తెలిసిందా? ఇరవై అడుగులు నడవడానికి తొమ్మిది రోజులా? ఏవండీ, ఆ కుర్చీ ఇటు లాగండి."

'ఏవండీ' అన్న మాట తొమ్మిది రోజుల తర్వాత ఆ ఇంట్లో వినపడింది. ఎవరూ దాన్ని ఎత్తిచూపలేదు. నాన్న కుర్చీ లాగాడు. మామయ్య కూర్చున్నాడు. అమ్మ టీకి నీళ్ళు పెట్టింది.

"నువ్వన్నదే నిజం బావా," అన్నాడు మామయ్య.

"ఏది?" అన్నాడు నాన్న.

"నా కన్ను సంగతే. నలభైకి నలభై కొలిచాను. ఒక్కోటి మూడుసార్లు. కోసినప్పుడు సరిగ్గా డ్రాయింగులా ఉన్నాయి. కొలిమిలో కాల్చి నూనెలో ముంచాక అన్నీ వెంట్రుకవాసి తిరిగాయి. నేను రంగు కనిపెట్టలేకపోయాను. షెడ్డు తలుపులేసి, దీపాలార్పి, ఉక్కు దోరపండు రంగుకి రాగానే తీసేవాణ్ణి. ఈసారి పండిపోయిందేమో! నాకు మాత్రం దోరగానే కనపడింది." కొంచెం నవ్వాడు. "నువ్వన్నప్పుడు కోపమొచ్చింది. కోపం రెండు రోజులే. మిగతా ఏడు రోజులూ సిగ్గుతో రాలేదు."

పెన్సిలు నాన్న వంక చూసింది. ఇప్పుడు, అనుకుంది. ఇప్పుడు చెప్పెయ్యి నాన్నా. ఇంతకంటే సులువుగా ఎప్పుడూ ఉండదు.

నాన్న గొంతు సవరించుకున్నాడు.

"పోనీలేవోయ్," అన్నాడు. "ఎవరికైనా జరుగుతుంది."

అమ్మ టీ గిన్నె మీద నుంచి తృప్తిగా చూసింది, మొగుడు ఎంత పెద్ద మనసు చేసుకున్నాడో అని. పెన్సిలుకి మాత్రం కూర్చున్నచోట ఒళ్ళు మండింది. పుట్టి బుద్ధెరిగాక నాన్నని చూసి సిగ్గుపడటం ఆమెకి అదే మొదటిసారి.

"జరుగుతుంది," అని ఒప్పుకున్నాడు మామయ్య. "ఒకసారి జరిగిందంటే ఇక జరుగుతూనే ఉంటుంది. ఇవాళ ఒక చక్రం పోయింది, రేపు ఎవరి చెయ్యో పోతుంది. అందుకే మిషను ఇచ్చేస్తున్నా అక్కా. చూసుకోడానికి రేపు పొద్దున ఒకాయన వస్తున్నాడు. కొలిమి కూడా ఆయనే తీసుకుంటాడు."

గిన్నెలో టీ పొంగింది. అమ్మ చూసుకోలేదు.

"మిషను ఇచ్చేసి ఏం చేస్తావురా?"

"బావ షాపులో పంక్చర్లు వేస్తా. దానికి కన్నుతో పని లేదు, గాలి పోయే చప్పుడు వినపడితే చాలు." నాన్న వైపు తిరిగాడు. "చేర్చుకుంటావా బావా? ఆకురాయి మాత్రం నీ దగ్గరే ఉంచుకో."

ఆ పాత వెటకారానికి ఎవరూ నవ్వలేదు. ఆ మాట అన్న మామయ్య కూడా నవ్వలేదు.

"అంత తొందరెందుకోయ్..." అన్నాడు నాన్న. "అసలు ఆ పానా..." కుడికాలు చెప్పులో ఉంది, ఎడమకాలు నేల మీద ఉంది. ఆయన ఆ ఎడమకాలినే చూస్తున్నాడు.

మామయ్య లేచాడు. అమ్మ టీ అంటే వద్దన్నాడు, రేపు తాగుతానన్నాడు.

"పెన్సిలూ," అన్నాడు నాన్న నేలకేసి చూస్తూనే. "చీకటి పడింది. మామయ్యని వీధి దాటించి రా."

ముప్ఫై ఏళ్ళుగా దాటిన వీధి. మామయ్య ఒక్క క్షణం ఆగాడు. కాదనలేదు. అలవాటు లేని పనిని నేర్చుకుంటున్నవాడిలా మేనకోడలి వైపు నెమ్మదిగా చెయ్యి చాపాడు.

పెన్సిలు లేవలేదు. "నువ్వే వెళ్ళు నాన్నా," అంది.

"అదేమిటే, అంత పెడసరం?" అంది అమ్మ.

పెన్సిలు తండ్రి మొహంలోకి సూటిగా చూస్తూ కూర్చుంది. ఇచ్చిన మాట తప్పదు. కానీ ఆ చెయ్యి మాత్రం తను పట్టుకోదు.

చివరికి నాన్న లేచాడు. ఒంటి చెప్పుతోనే వెళ్ళి మామయ్య చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ మెట్లు దిగారు. అమ్మా కూతురూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

వీధి మధ్యలో ఇద్దరూ ఆగారు. నాన్న ఏదో చెబుతున్నాడు. మాటలు ఇక్కడికి వినపడటం లేదు. మామయ్య వింటున్నాడు. ఎక్కువసేపేం పట్టలేదు, రెండు మూడు మాటలంతే. నాన్న ఇంకా చెబుతుండగానే మామయ్య తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎవరి సాయమూ లేకుండా మిగిలిన పది అడుగులూ నడిచి, షెడ్డులోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. లోపల గడియ పడిన చప్పుడు మాత్రం గుమ్మం దాకా స్పష్టంగా వినపడింది.

"ఏం చెప్పారే మీ నాన్న?" అంది అమ్మ.

నాన్న అక్కడే నిలబడిపోయాడు. వెనక నుంచి ఎవరో సైకిల్ బెల్లు కొట్టారు, మళ్ళీ కొట్టారు. ఆయన పక్కకి జరగలేదు.